పూలు రాలాక దారి చూపిన మనిషి

మొన్న మంగళవారం ఫోనొచ్చింది. క్రాన్‌బర్న్‌లో మా పాత పక్కింటావిడ పోయిందట. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తనకు తగిలే మాటలు కూడా మింగకుండా రాయమన్నాను.

అమ్మాయి, అల్లుడు చదువుకునే రోజుల్లో వాళ్ళ బిడ్డను చూసుకోవడానికి ఈ దేశం వచ్చాను. పొద్దున్నే ఇద్దరూ యూనివర్సిటీకి, అటునుంచి అటే పనికి పోయేవారు. చలికాలమంతా నేనూ, ఏడాది నిండని పిల్లా, నాలుగు గోడలూ. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు వీధులు తిరిగినదాన్ని.

పక్కింటావిడ గుంటూరు వైపు మనిషి, నర్సు పని చేసి మానేసింది. మొదటిరోజే కంచె మీదుగా తొంగి చూసి, "ఏం వదినా, కోళ్ళ గూట్లో పెట్టారా నిన్ను?" అని ఎగతాళి చేసింది.

మన ఉగాదికి ఆకు రాలే దేశం ఇది. వినాయక చవితి నాటికి చెట్లన్నీ ఒక్కసారిగా పూశాయి. ఆకు లేదు, ఒళ్ళంతా పువ్వే. ఆవిడ మమ్మల్ని పార్కుకు తీసుకెళ్ళింది. వీధి పేర్లు చదవలేను కనుక నేను పూలే గుర్తు పెట్టుకున్నాను. తెల్లపూల చెట్టు దగ్గర కుడికి, గులాబి రంగు చెట్లు రెండు దాటాక ఎడమకు. పిల్లను బండిలో తోసుకుంటూ పది రోజులు ఒక్కదాన్నే రాణిలా తిరిగాను.

తర్వాత రెండు రోజులు గాలి కొట్టింది. పూలు రాలితే రాలాయి, దారి వచ్చేసిందిలే అనుకుని బయల్దేరాను. వెళ్ళడం వెళ్ళాను. వెనక్కొస్తుంటే అన్ని చెట్లూ పచ్చగా ఒక్కలాగే ఉన్నాయి. పిల్ల ఆకలికి గుక్కపట్టింది. పొద్దు వాలేవేళకు ఆవిడే కారులో వెతికి పట్టుకుంది.

"అత్తయ్యగారూ, ఇక ఒంటరిగా వెళ్ళొద్దు, ప్లీజ్" అని అల్లుడు తాళంచెవి తీసుకున్నాడు. అమ్మాయి ఏడ్చింది. వాళ్ళ భయం తప్పనను. కానీ కట్టేసిన గేదెకైనా కాసేపు తాడు వదులు చేస్తారు.

ఆ మాట నా తరఫున అడిగింది ఆవిడే. "మీ అమ్మ దారి తప్పింది గానీ బుద్ధి తప్పలేదమ్మాయ్. నెల రోజులు నాకొదిలెయ్."

ప్రతి చెట్టునూ నా చేత తడిమించింది. ఒకటి పగిలిన మాను, ఒకటి బుడిపెలది, ఒకటి వంకరది. "పువ్వు చుట్టం వదినా, వచ్చి పోద్ది. మాను ఇంటిమనిషి" అనేది. నెల తిరిగేసరికి నేను ముందు, ఆవిడ ఇరవై అడుగులు వెనక. ఆ పైన వెనక రావడమూ మానేసింది. ఆకులు ఎర్రబడే కాలం, మోడుల కాలం, మళ్ళీ పూలకాలం, అన్నీ నా కాళ్ళతో వెళ్ళి చూశాను. ఈ దేశంలో నాకు కాళ్ళిచ్చింది ఆవిడ.

చదువులయ్యాయి. ఊరికి ఈ కొసన పాయింట్ కుక్‌లో కొత్త ఇల్లు కొన్నారు. ఇక్కడి మొక్కలన్నీ వేలంత లావు, అన్నీ కర్రకు కట్టినవే. ఒక్కదానికీ గుర్తు లేదు. మళ్ళీ ఇంట్లోనే పడ్డాను. "ఒకసారి రా వదినా" అని ఆవిడ ఫోన్లో అడిగేది. "ఎవరు తెస్తారు?" అనేదాన్ని.

మట్టి వేయడానికైనా వెళ్తానన్నాను. "వెళ్ళి రావడానికే మూడు గంటలమ్మా, మధ్యాహ్నం నాకు షిఫ్టు. లైవ్ పెడతారట, ఇద్దరం చూద్దాం" అంది అమ్మాయి.

ఫోను గోడకు ఆనించి పెట్టింది. పెట్టె గోతిలోకి దిగింది. చర్చి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. అంతలో బొమ్మ ఆగిపోయింది.

"నెట్ స్లోగా ఉంది, వస్తుంది ఉండమ్మా."

ఒక ముసలామె చెయ్యి గోతి మీదికి చాచి ఉంది. ఎంతసేపు చూసినా ఆ గుప్పెట తెరుచుకోలేదు.