ఎషిమ్ కత్తి అప్పగించిన రోజు

ఎషిమ్ వాకిట్లో ఎప్పుడూ కత్తి నూరడు. తన ఇంట్లోనే, జీవాలకు కనబడని మూల కూర్చుని నూరుకుంటాడు. దాన్ని ఉన్నిగుడ్డలో చుట్టి, బూటులో దోపుకుని వస్తాడు. రాగానే, కోయబోయే జీవానికి నీళ్లు పెట్టమంటాడు. మిగతావాటిని గోడ అవతలికి తోలమంటాడు. ఆ తరవాత రెండు అరచేతులూ తెరిచి ప్రార్థన చేసి, జీవం చెవి దగ్గరికి వంగి, మన్నించమని అడుగుతాడు. మా లోయలో కోసేవాళ్లందరూ ఆ మాట అంటారు, ముక్కు చీదినంత తేలిగ్గా. ఎషిమ్ మాత్రం అడిగాక ఒక్క క్షణం ఆగుతాడు, జవాబు రావలసి ఉన్నట్టు.

పాత రోజుల్లో ఆయన సమష్టి వ్యవసాయ క్షేత్రంలో, పశువుల కోతకొట్టంలో పనిచేశాడు. ముందుదాని నెత్తురులో వెనకది జారి పడుతుంటే, లేపి నిలబెట్టి సుత్తితో కొట్టేవాళ్లట. ఎక్కువ కొట్టినవాళ్ల ఫొటోలు గోడ మీదికి ఎక్కేవి. ఎషిమ్ ఫొటో ఎక్కలేదు. క్షేత్రం కూలిపోయాక ఇల్లిల్లూ తిరిగి కోయడం మొదలుపెట్టాడు. పెళ్లికి ఆయనే, చావుకు ఆయనే. కూలి కింద మెడ మాంసం ఇస్తారు. ఆయనా, భార్య ఊల్కనూ దాంతోనే నెట్టుకొచ్చారు.

ఈ వసంతంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మా దగ్గర టీ సగం గిన్నె పోయడమే మర్యాద. ఊల్కన్ పావు గిన్నె పోయసాగింది. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప అదీ ఒలికేది.

మేము పక్కింటివాళ్లం. వేసవిలో మా గొర్రెను కోస్తున్నప్పుడు కాళ్లు పట్టుకున్నది నేనే. కత్తి పక్కకు జారింది. గొర్రె చాలాసేపు కొట్టుకుంది. మా వాళ్లు పొయ్యి గొడవలో ఉండి చూడలేదు. ఎషిమ్ దాని పక్కనే కూలబడ్డాడు.

"చూశావుగా," అన్నాడు.

"చూశాను అకె." పెద్దవాళ్లను మేము అలాగే పిలుస్తాం.

"ఏమనుకుంటూ పోయిందో అది."

అంతటితో కత్తి మూలన పెట్టేసేవాడేమో. కానీ రిస్‌పెక్ గుర్రం మిగిలి ఉంది.

రిస్‌పెక్ ఆయన చిన్ననాటి స్నేహితుడు, కిందటి శరదృతువులో పోయాడు. చనిపోయినవాడి గుర్రాన్ని ఏడాదిపాటు ఎవరూ ఎక్కరు. ఊరికే మేపి, సంవత్సరీకం నాడు కోసి ఊరికి పెడతారు. రిస్‌పెక్‌ది బూడిదరంగు ఆడగుర్రం. అది పుట్టేటప్పుడు అడ్డం తిరిగితే, చెయ్యి పెట్టి బయటికి లాగినవాడు ఎషిమ్. "దాన్ని నీ చేత్తోనే పంపు. ఇంకొకడి చేతిలో పెట్టకు," అని మంచం మీదినుంచి రిస్‌పెక్ అడిగాడు. ఎషిమ్ మాటిచ్చాడు. అప్పటికి చెయ్యి బాగానే ఉంది.

ఊళ్లో కోసేవాడు ఇంకొకడున్నాడు, మెదెర్. పశువుల సంతలో లారీల వాళ్లకు కోస్తాడు. నడుము బలం, చేతి ఒడుపు ఉన్నవాడు. కదిలే జీవాన్ని కాలితో తన్నిగాని పడుకోబెట్టడు. ఒకదాని ముందే ఇంకొకదాన్ని కోస్తాడు.

సంవత్సరీకం ముందు రోజు నేను ఎషిమ్ ఇంట్లో టీ తాగుతున్నాను.

"చెప్పెయ్ ముసలాయనా, చెయ్యి పోయిందని," అంది ఊల్కన్.

"చచ్చినోడికి మాటిచ్చా."

"చచ్చినోడొచ్చి గుర్రం కాళ్లు పట్టుకుంటాడా? మెడ మాంసం పోతుందనా నీ బాధ?"

"మెదెర్ చేతిలో పడుతుంది."

"నీ చేతిలో పడితే?"

ఎషిమ్ గిన్నె కింద పెట్టేసరికి బల్ల మీద టీ మడుగు కట్టింది. ఊల్కన్ కొంగుతో తుడిచింది.

మర్నాడు వాగు ఒడ్డున గుడారాలు వేశారు. రిస్‌పెక్ మంచాన పడ్డప్పుడు గుమ్మం తొక్కనివాళ్లంతా కార్లలో దిగి, ఆయన ఎంత గొప్పవాడో చెప్పుకుంటున్నారు. కొడుకు తాలాయ్ చెమటలు కక్కుతూ తిరుగుతున్నాడు. గుర్రాన్ని పట్టుకొచ్చారు. ఏడాదిగా జీను ఎరగని వీపు నిగనిగలాడుతోంది.

"నీళ్లు పెట్టారా?" అన్నాడు ఎషిమ్.

"పొద్దున తాగింది అకె," అన్నాడు తాలాయ్. "కానివ్వండి, చుట్టాలు దిగిపోయారు."

"మళ్లీ పెట్టు."

బకెట్ తెచ్చారు. గుర్రం తొందర లేకుండా తాగింది. ఎషిమ్ బూటులోంచి కత్తి తీసి, గుడ్డ విప్పాడు. కత్తిమొన ఎండలో గంతులేసింది. గొర్రెలు కోయడానికి వచ్చిన మెదెర్ పక్కనే ఉన్నాడు.

"ఏంటి అకె, కోముజ్ తీగలు మీటుతున్నారా? పాట కూడా పాడండి మరి!"

అందరూ నవ్వారు. ఎషిమ్ గుర్రం మెడ వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు. తరవాత కత్తిని తిప్పి, పిడి మెదెర్ వైపు చాపాడు.

"నువ్వు కొయ్యి. నేను తల పట్టుకుంటా."

నవ్వులు ఆగిపోయాయి.

"అదేంటి అకె," అన్నాడు తాలాయ్. "మా నాన్న మిమ్మల్ని కదా కొయ్యమన్నాడు! ఇంతమందిలో..."

"మీ నాన్న ఈ చెయ్యి చూడలేదురా. చూసుంటే కత్తి లాక్కుని నన్నే తరిమేవాడు." అంటూ చెయ్యి పైకెత్తాడు. అది అందరి ముందూ వణికింది. దించకుండా అలాగే ఉంచాడు. ఇక ఈయన్ని ఏ ఇల్లూ పిలవదని అక్కడున్న ప్రతివాడికీ తెలిసింది.

"నా కత్తి నాకుంది," అన్నాడు మెదెర్.

"నీది ఇప్పుడు నూరాలి. గుర్రం చూస్తుంది."

"చూస్తే? కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్తుందా?"

"మెదెర్, ఇన్నేళ్లలో నిన్నేమైనా అడిగానా? తన్నొద్దు. అరవొద్దు. నేను తలూపేదాకా ఆగు. ఒక్క కోత, అంతే."

మెదెర్ భుజాలు ఎగరేసి కత్తి తీసుకున్నాడు.

మేము నలుగురం తాళ్లు వేసి, గుర్రాన్ని మెల్లగా పక్కకు వాల్చాం. ఎషిమ్ దాని తల తన ఒళ్లోకి తీసుకుని, కోటు విప్పి కళ్ల మీద కప్పాడు. చెవిలో అడగవలసింది అడిగాడు. ఆగాడు. ఈసారి చాలాసేపు ఆగాడు. తాలాయ్ గడియారం చూసుకున్నాడు. మెదెర్ మాత్రం, ఏమనుకున్నాడో గాని, కదల్లేదు. ఎషిమ్ తలూపాడు.

మెదెర్ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. ఒక్క కోత. గుర్రానికి ఎంత నొప్పి తెలిసిందో నేను చెప్పలేను. తాడు నా చేతిలో ఒకసారి బిగిసి, వదులైంది.

మెడ మాంసం మెదెర్ పళ్లెంలోకి వెళ్లింది. ఎషిమ్‌ని ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించనూ లేదు. ఆయన నెత్తుటి కోటు మడుచుకుని లేవబోతుంటే, గొర్రెల వైపు నుంచి సానరాయి చప్పుడు వినిపించింది. మెదెర్ వాటి ఎదురుగా కూర్చుని తన కత్తి నూరుతున్నాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కంచె మూలకు ఒదిగాయి.

ఎషిమ్ అక్కడికి నడిచాడు.

"మీ పని అయిపోయిందిగా అకె, వెళ్లి టీ తాగండి."

"వీటికి నీళ్లు పెట్టారా?"

"ఇవి రిస్‌పెక్ పెంచినవి కావు, సంతలో కొన్నవి."

"దాహం కూడా సంతలోదేనా?"

"మెడ మాంసం మీకు రాదు, ముందే చెప్తున్నా."

"సరే. తెలుసు."

ఎషిమ్ గుర్రం తాగి వదిలిన బకెట్‌ని రెండు చేతులతో ఎత్తి తెచ్చాడు. దారి పొడుగునా నీళ్లు ఒలికాయి. కంచె దగ్గర కింద కూర్చుని, ఒరగకుండా దాన్ని పట్టుకున్నాడు. బకెట్‌లో నీళ్లు ఒక్క క్షణం కూడా కదలకుండా ఉండలేదు. గొర్రెలు దూరంనుంచే చూశాయి. కాసేపటికి ఒకటి ముందుకొచ్చి మూతి పెట్టింది.

మెదెర్ ఏదో గొణుక్కుంటూ రాయి తీసుకుని గొర్రెలకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎండ కళ్లలో పడిందేమో.