చోటు అడిగే పండుగ

మా పక్కింటి పురుషోత్తం సీతాఫల్‌మండిలో పాతికేళ్లుగా ఇళ్లు అద్దెకు చూపిస్తున్నాడు. ఓనరు ముఖం మీద తలుపేసినా, వచ్చినవాళ్లతో 'ఇప్పుడే ఇంకెవరికో ఖాయమైందంట' అని నవ్వుతూ చెప్పగలడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మంట.

ఈ డిసెంబరులో ఫెయిత్ అనే అమ్మాయి అతని ప్రాణం తీసింది. స్పానిష్ నేర్పే టీచరు. క్రైస్తవురాలు, ఒంటరిగా ఉంటుంది, నెలాఖరుకల్లా ఉన్న ఇల్లు ఖాళీ చేయాలి. పదకొండు ఇళ్లు చూపించాడు. పదకొండోది యాప్రాల్‌లో వీరరాఘవమ్మగారి మేడమీది వాటా. ఒంటరి ఆడపిల్లకు ఇవ్వనని ఆవిడ తెగేసి చెప్పింది.

అదే కాలనీలో ఫెయిత్ దగ్గర చదువుకునేవాళ్లు స్పానిష్ మాట్లాడే దేశాల పండుగలు జరపాలనుకున్నారు. మెక్సికోవాళ్ల 'పోసాద' ఎంచుకున్నారు. క్రిస్మస్ ముందు, నిండు చూలాలైన మరియమ్మను వెంటబెట్టుకుని యోసేపు ఇంటింటికీ వెళ్లి పాట పాడుతూ చోటు అడుగుతాడు. అందరూ పొమ్మంటారు, చివరి ఇంటివాళ్లు రమ్మంటారు. ఆపైన మిఠాయిలు. ఫెయితే మరియమ్మ. యోసేపు దొరక్క పురుషోత్తాన్ని లాక్కుపోయింది, లాంతరు మోయడానికి నన్ను.

"గిదేం పండుగ బిడ్డా, నేను రోజూ చేసేదే గద," అన్నాడతను.

మొదటి రెండు ఇళ్లవాళ్లు రిహార్సల్ లేకుండానే దివ్యంగా పొమ్మన్నారు. ఒకాయన పాట మధ్యలో "వెజిటేరియన్సేనా?" అని సొంతంగా కలిపాడు కూడా. చప్పట్లు మోగిపోయాయి.

చివరి తలుపు వీరరాఘవమ్మగారిది. ఫెయిత్‌ను పొదివి పట్టుకుని ఆవిడ నిజంగానే ఏడ్చింది. "కడుపుతో ఉన్న పిల్లని వీధిలో నిలబెడతారటర్రా? రా తల్లీ, ఇది నీ ఇల్లే అనుకో."

పురుషోత్తం సందు చూసి, "అమ్మా, మరి మేడమీది వాటా..." అన్నాడు.

"దేవుడి పనిలో అద్దె గొడవేంటి నాయనా," అంటూ ఆవిడ అతని చేతిలో జంతికలు పెట్టింది.

తిరుగు ఆటోలో అతను ఒకటే మండిపడ్డాడు. "ఒక్కరికన్న దిల్ లేదు. పరేషాన్ అయితుంది ఈళ్లతోని."

ఫెయిత్ మెల్లగా అడిగింది. "అంకుల్, మీ ఇంటి పై రూమ్ ఖాళీగనే ఉంది కదా. నేను ఉంటా అందులో."

అతను చేతిలోని జంతిక ఒకటి విరిచాడు.

"ఉన్నది గనీ బిడ్డా, దానికి జెర రంగులు ఏయించాలె."

పోయిన నెలే వేయించాడు. ఆ రంగు ఎంచింది నేనే. ఫెయిత్ నా వైపు చూసింది. నేను లాంతరు సర్దుకుంటూ, "అవునమ్మా, గోడలు బాగా పాడైనయ్," అన్నాను.