కొండెక్కిన దీపం, మా ఇష్రత్ డబ్బా

మా చెల్లెలు ఇష్రత్ ఏం పని చేస్తాదని ఎవరన్నా అడిగితే ముందు నాకు ఒళ్లు మండేది. హిందూపురంలో కంప్యూటర్ కంపెనీ అంటానే "ఓహో, టైపింగా?" అంటారు. కాదప్పా! గోరంత చిప్పు ఉంటాది గదా, దాని లోపల ఏ మూలకు ఎప్పుడు కరెంటు ఇయ్యాల, ఎప్పుడు ఆపాల అని చెప్పే డ్రైవర్ రాస్తాది. డ్రైవరంటే బస్సు తోలేటోడు కాదు, సాఫ్ట్‌వేర్! నా పేరు సలీం, పెనుకొండ బస్టాండు కాడ మోటార్లకు వైండింగ్ చేస్తాను. కరెంటుతో బతికే నాకే ఇది అర్థమయ్యేకి శానా దినాలు పట్టె.

కడాకు ఒకరోజు అన్నం తింటా తింటా ఆ యమ్మే చెప్పె. "అన్నా, చిప్పు ఒక ఇల్లనుకో. దాంట్లో రూములుంటాయి. ఎవరూ లేని రూములో లైటు ఎలుగుతాంటే అమ్మ ఏం చేస్తాది?"

"నన్ను తిడతాది."

"నా డ్రైవర్ పని గూడా అదే. రూములో ఎవరన్నా ఉండారా అని చూస్తాంటాది. అందరూ పోతానే కరెంటు ఆపుతాది, ఎవరన్నా వస్తే మల్లా ఇస్తాది. ఆ రూములనే పవర్ డొమైన్లంటారు."

"ఓస్, ఇంతేనా!" అంటిని. ఇంతే కాదని ధర్మవరంలో తెలిసొచ్చె.

వాళ్ల కంపెనీ ధర్మవరం మగ్గాలకు ఒక డబ్బా చేసింది. పట్టుచీర మీద నెమలి రావాలంటే ఏ పోగు లేవాల, ఏది అణగాల అని ముందంతా చిల్లుల అట్టలు చెప్తాండె. ఇప్పుడు ఆ అట్టల బదులు మగ్గం పైన ఈ డబ్బా కూచోని చెప్తాది. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడవాల. అందుకే దాని చిప్పులో పనిలేని రూములన్నీ ఎప్పటికప్పుడు ఆపేయాల. ఆ ఆపేదీ, లేపేదీ అంతా మా ఇష్రత్ రాసిందే. చెప్పుకుంటే తప్పేముండాది, నాకు గర్వమే!

మొదటి డబ్బాల్లో ఒకటి జయరాముడు, నాగరత్నమ్మ అనే మొగుడూపెండ్లాల మగ్గానికి బిగించినారు. ఆ మగ్గం మీద ఉండేది అమ్మే చీర కాదు, వాళ్ల కూతురు మంజులత పెండ్లిచీర. బాగానే నడుస్తా నడుస్తా నెమలికి మెడ రావాల్సిన చోట మల్లా కాళ్లొచ్చె! నేసింది ఊడదీసి మల్లా నేస్తే, మల్లా అదే కథ. నాగరత్నమ్మకు కోపమొచ్చి కంపెనీకి ఫోన్ కొట్టె.

ఫోనెత్తినోడు మా ఇష్రత్‌కు పైన ఉండే శ్రీకాంత్ సారు. బెంగళూరాయన, కన్నడం మనిషి, తెలుగు అంతంతమాత్రం. ఆయమ్మ చెప్పింది విని, ఇష్రత్‌తో ఏం చెప్పె? డబ్బా మీద లైటు పైపైకి ఎక్కిపోతాందంట, కరెంటు ఎక్కువైపోతాందంట, నీ డ్రైవర్ రూములను సరిగ్గా ఆపడం లేదు, ఇంకా తొందరగా ఆపేటట్టు చెయ్ అని. ఈ యమ్మి అట్లే చేసె. ఇంకేముంది, నెమలికి కాళ్ల మీద కాళ్లు! అప్పుడు కంపెనీవాళ్లు తెగేసి చెప్పిరి. శుక్రవారం లోపల సరిగాకపోతే శనివారం వ్యాను పంపించి డబ్బాలన్నీ ఎనక్కి తెప్పిస్తాం, ఈ పనే మూసేస్తాం అని.

ఇష్రత్ అన్నం ముట్టలేదు. "నేను ఇన్నాళ్లు రాసిందంతా పోతాదన్నా, తప్పు యాడుండాదో గూడా తెలీకుండానే పోతాది" అని ఏడ్చె. మా చెల్లెలు ఏడిస్తే నేను చూస్తా కూచోనుంటానా? శుక్రవారం పొద్దున్నే షాపు మూసి, "ఎక్కు బండి" అంటిని. కొత్తచెరువు మీదుగా ధర్మవరం పోతిమి.

నాగరత్నమ్మ వాకిట్లోనే పట్టుకునె. "వచ్చినారా? ఆ డబ్బా పీక్కోని పోండి! నా బిడ్డ పెండ్లిచీరతో ఆడుకుంటాండారా మీరు?" నా నోరు ఊరుకుంటాదా, ఏదో అనబోతిని. ఇష్రత్ నా చెయ్యి గిల్లి, "అమ్మా, ఒక్కసారి నా కండ్లతో చూడనీ" అనె.

లోపల జయరాముడు కాలితో తొక్కుతా, పోగుల మధ్య అడ్డం నూలు తీసుకుపోయే నాడె అటూ ఇటూ విసురుతాండె. మేం చూస్తాండంగానే ఒక పోగు తెగె. ఆయన కాలు తీసేసి, వంగి ఆ పోగు అతుకుతాండాడు. అంతే, నాగరత్నమ్మ గట్టిగా అరిచె: "అదో! అదో చూడు, మల్లా దీపం కొండెక్కె!"

డబ్బా మీద పచ్చలైటు ఆరిపోయి ఉండాది.

ఇష్రత్ గిరుక్కున ఆయమ్మ దిక్కు తిరిగె. "అమ్మా, ఫోన్లో శ్రీకాంత్ సారుకు గూడా ఇదే మాట చెప్పినావా?"

"ఇంకెట్ల చెప్తారు?"

"యా అల్లా!" అని నెత్తిన కొట్టుకుని పకపకా నవ్వడం మొదలుపెట్టె. "అన్నా, కొండ అంటే ఆయనకు వాళ్ల కన్నడం బెట్ట, అదే గుట్ట, ఒక్కటే తెలుసు! ఎక్కడం ఒక్కటే తెలుసు! లైటు పైకి పోలేదన్నా, ఆరిపోయింది!"

నాగరత్నమ్మ రెండు చెవులూ మూసుకునె. "ఛీ ఛీ, ఏం మాటమ్మా అది, పెండ్లిచీర ముందర! దీపాన్ని ఎవరన్నా అట్లంటారా? ఆ మాటంటే ఇంక పోయినట్టే. కొండెక్కిందంటే మల్లా వస్తాదని."

ఇష్రత్ నవ్వు ఆగిపోయె. ఆయమ్మ మొగం చూస్తా, "మల్లా వస్తాది" అని తనలో తానే అనుకునె. ఆడనే నేల మీద కూచోని ల్యాప్‌టాప్ తెరిచె. ఇంక పట్టపగ్గాల్లేవు!

"అన్నా, పోగు అతికేంతసేపు రూములో ఎవరూ లేరనుకోని నా డ్రైవర్ కరెంటు ఆపేస్తాంది. నెమలి యాడిదాకా వచ్చిందనే లెక్క ఆ రూములోనే ఉండాది. కరెంటు పోతానే అది మర్చిపోతాది. మల్లా లేసి కాళ్ల కాడినుంచి మొదలుపెడతాంది! బటన్ నొక్కి ఆపితే ఆ లెక్క దాచమని రాసినా గానీ, ఊరికే ఆగితే దాచమని రాయలేదు. పైగా ఇంకా తొందరగా ఆపమంటిని!"

"అయితే ఎప్పుడూ ఆపకుండా పెట్టెయ్" అంటిని.

"బ్యాటరీ ఒట్టిపోతాది. కరెంటు పోయిన రోజు మగ్గం నిలబడిపోతాది. చిప్పులో ఎప్పుడూ నిద్రపోని చిన్న మూల ఒకటుండాది. రూము ఆపేముందు లెక్క దాంట్లో పెట్టాల, లేస్తానే మొదట అదే తీసుకోవాల. అంతే!"

మధ్యాహ్నం దాటేతలికి రాసి డబ్బాలోకి ఎక్కించె. కానీ దేని మీద చూసేది? నాగరత్నమ్మ మగ్గానికి అడ్డం నిలబడె. "ఈ చీర మీద వద్దు. ఇంకోసారి చెడితే నా బిడ్డ ముందర మొగం యాడ పెట్టుకునేది?"

జయరాముడే నోరు తెరిచె. "పాప మన కండ్లముందరే రాసింది గదా, నేను తొక్కుతా" అని మగ్గంలోకి దిగె.

పాడైన నెమలిని ఊడదీసి, కాళ్ల కాడినుంచి మల్లా మెడ కిందిదాకా నేసె. కాలు తీసి ఊరికే కూచునె. లైటు ఆరిపోయె, కాదు కాదు, కొండెక్కె! "ఊ" అనె ఇష్రత్. ఆయన కాలు పెట్టె. పచ్చలైటు టక్కున వచ్చె. పోగులు లేసె, నాడె పోయె, మల్లా లేసె, మల్లా పోయె. నాగరత్నమ్మ చీర మీదకు వంగి వేలితో తడిమె.

"మెడ!" అనె. "ఏమయ్యో, మెడ వస్తాంది!"

నేను పెట్టిన కేకకు పక్కిండ్లవాళ్లు ఉరుకులెత్తి వచ్చిరి. ఏం జరిగిందో తెలీకుండానే వాళ్లూ నవ్విరి. నాగరత్నమ్మ మా ఇష్రత్ చెంపలు రెండూ పట్టుకుని, "నీ డ్రైవర్ గట్టోడే పాపా" అనె. ఇష్రత్ కండ్లల్లో నీళ్లు. నాకు మాత్రం దుమ్ము పడింది, అంతే.

సాయంత్రం శ్రీకాంత్ సారు ఫోన్ చేసె. కొత్తగా రాసింది చూసినాడంట. "అంతా బాగుంది. రూము ఆపేదానికి కొండెక్కించు అని పేరు పెట్టినావు, ఎందుకు?" అని అడిగె. "సార్, దీపం ఆరితే మావోళ్లు కొండెక్కింది అంటారు, ఆయమ్మ చెప్పింది మీ బెట్ట కాదు. అట్ల పేరు పెడితే రాసేటోళ్లకు గుర్తుంటాది, ఇది మల్లా రావాలని" అనె ఇష్రత్. ఆయనా నవ్వి, "బెట్ట కాదు, సరే. డబ్బాలు ఆడనే ఉండనీ" అనె.

ఆ సంబరంలో వ్యానువాడికి చెప్పేది మాత్రం అందరూ మర్చిపోయిరి. శనివారం పొద్దున వాడు నేరుగా జయరాముడి ఇంటి ముందర ఆపి, "అమ్మా, డబ్బా ఇయ్యండి, ఎత్తుకోని పోవాల. నేను కంపెనీ డ్రైవర్ని" అన్నాడంట.

నాగరత్నమ్మ వాకిలికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఏమబ్బా, నువ్వు యాడి డ్రైవరువు? ఈ డబ్బా డ్రైవరు పెనుకొండలో ఉండాది, మా పాప! ఆ యమ్మి చెప్తేనే ఇది కదిలేది, పో!" అన్నాదంట.