గోలెంలో తెల్ల గౌను

పోయిన శుక్రవారం పొద్దున పక్కింట్లో ఉండే, మాకు పిన్ని లాంటి ఖాలా చనిపోయింది. కాలేజీకి బస్సెక్కబోతుంటే ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఆ బిడ్డను నేను ఆపా, అంటే అక్క, అంటాను. అప్పటి నుంచి నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

కరీంనగర్‌లో బట్టలు కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలాగ నీళ్లలో మునిగి ఫోటోలు దిగే అమ్మాయిలకు బట్టలు ఎంచిపెట్టింది మాత్రం, నాకు తెలిసి, ఖాలా ఒక్కతే. స్విమ్మింగ్ పూల్‌లో ఫోటోలు తీసే అన్న మమ్మల్ని ఆమె దగ్గరికే పంపేవాడు.

ఆమె బట్టను వాకిట్లోని సిమెంటు గోలెంలో ముంచి, పక్కన పీట వేసుకుని కూర్చునేది. రంగు దిగుతుందా, చున్నీ ముఖానికి చుట్టుకుంటుందా అని చూస్తూ ఉంటే చేతిలో చాయ్ చల్లారిపోయేది. ఒకసారి మా అవ్వ, ఫోటోలో బిడ్డ నిండుగా కనిపిస్తుందని తన పెళ్లి పట్టుచీర పట్టుకొచ్చింది. ఖాలా చీరను గోలెంలో వేసి, జర లేపమంది. అవ్వ సగం దాకా లేపి ఆయాసపడింది.

"గీ బరువుతోని నీ బిడ్డ పైకి ఎట్ల రావాలె అక్కా?"

అవ్వ నవ్వింది. చీర పాడైందని మాత్రం చాలా రోజులు సణిగింది.

వచ్చే ఆదివారం నా షూటింగ్ అనుకున్నాం. ఎన్నాళ్లుగానో ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటున్నది దీని కోసమే. అన్న బరువైన లెహంగా పంపితే ఖాలా తిప్పి పంపి, నాకోసం పల్చటి తెల్ల గౌను మొదలుపెట్టింది. నీళ్లలో అది మీదికి లేవకుండా, మానేరు జాలర్లు వలలకు కట్టే చిన్న సీసం గుండ్లను అంచులో దూరం దూరంగా కుడుతూ వచ్చింది. "నీళ్లల్ల ఒంటి చేత్తోని ఊడొచ్చేదే వేస్కో బిడ్డా. ఫోటో మళ్ల దిగొచ్చు" అనేది.

నిన్న అన్న ఫోన్ చేశాడు. ఖాలా లేదు కాబట్టి లెహంగానే వేసుకోవాలట, లేదంటే వేరే అమ్మాయిని చూసుకుంటాడట. సాయంత్రం దాకా వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి ఆపా దగ్గరికి పోయాను.

ఆమె గౌను తెచ్చింది. "అమ్మీ సగమే కుట్టింది. ముంచి చూస్తవా?"

అన్నకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. "లెహంగా వేస్కోను, అన్నా. ఇంకెవర్నన్న చూస్కో."

ఆపా పీట నా వైపు జరిపింది. గోలెంలో గౌను మెల్లగా విచ్చుకుంది. ఖాలా గుండ్లు కుట్టిన వైపు నిటారుగా కిందికి దిగింది. కుట్టని వైపు నీళ్ల మీదికి లేచి, ఎటూ కుదురుకోక, అట్లా తిరుగుతూనే ఉంది.