మగ్గం గుంతలో దాచిన ప్లేటు

పన్నెండేండ్లుగా నా నోట్లో ఒక మాట ఇరుక్కొనుంది. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు రాస్తున్నాను. నన్నెరిగినోళ్లకు చెప్తే నవ్వుతారు.

తప్పు వాళ్లది కాదు. ఆదోనిలో నా అంత కోతలు కోసేవాడు లేడు. బర్రెకు కట్టుడుపళ్లు పెట్టినానని నేను చెప్పిన కత పెద్దకడుబూరు దాకా పోయింది.

పని మాత్రం నిజమైందే. పళ్ల డాక్టరు దగ్గర అచ్చులు పోసేవాణ్ణి. వంకరపళ్ల పిల్లల నోట్లో మెత్తటి ముద్ద పెట్టి ముద్ర తీసి, దాంట్లో ప్లాస్టరు పోస్తే పళ్ల అచ్చు వస్తుంది. ఆ అచ్చు మీద తీగ వంచి ప్లేటు చేస్తాము. అది పెట్టుకుంటే పల్లు మెల్లగా జరుగుతుంది. మా డాక్టరుకు అదే పిచ్చి. ఒక నోటికి చేసింది ఇంకో నోటికి పనికిరాదనేవాడు. ఎవరి తీగకు ఎంత వంపు కావాలో కనిపెట్టాలని పిల్లకో పేజీ పెట్టి, నెలనెలా కొలతలు రాసేవాడు.

ఈరమ్మది ఎమ్మిగనూరు. మగ్గం నేసేవాళ్ల పిల్ల, ఏడో తరగతి. ఆ పిల్ల అచ్చు నా చేతిలోంచి జారి ముక్కలైంది. మళ్లీ ముద్ర తీయాలంటే డాక్టరుకు చెప్పాల. చెయ్యి తిరిగినోడని పేరుంది కదా నాకు! ఇంచుమించు అట్లే ఉండే ఇంకో పిల్ల పాత అచ్చు తీసి, పేరు గీకేసి, ఈరమ్మ అని రాసినాను. దాని మీద ప్లేటు చేసి, నోట్లో కూర్చునేదాకా ఆకురాయితో రాకినాను.

"అన్నా, ఇది నాది కాదేమో. శానా నొప్పి పుడతాంది."

"కొత్త ఎద్దు కాడి మోయనంటాది. పల్లు కూడా అంతేమ్మా."

నవ్వింది. నమ్మింది.

నాలుగు నెలలకు బాగుండే పల్లు పక్కకు తిరిగింది. డాక్టరు అచ్చు పక్కన పెట్టుకొని కొలిచినాడు. ఏదీ కుదరలేదు. "ప్లేటు పెట్టుకోలేదు కదా నువ్వు?"

"రోజూ పెట్టుకుంటాండా సార్."

ప్లేటు నా చేతిలో ఉంది. దాని మీద ఆ పిల్ల నొప్పికి కొరికిన గాట్లు. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? ఒక్క మాట కదా? నేను గుప్పిట మూసినాను. "మగ్గం గుంతలో దాచిపెడతాదంట సార్, వాళ్ల వీధి పిల్లోళ్లు చెప్పినారు." అడక్కుండానే వచ్చింది ఆ కత, నా కతలన్నీ వచ్చినట్టే. వెంట వచ్చిన వాళ్ల నాయన అందరి ముందర ఆ పిల్ల చెంప పగలగొట్టినాడు. డాక్టరు పేజీలో "వాడలేదు" అని రాసి వైద్యం ఆపేసినాడు. మగ్గాల పిల్లలకు ఓపిక ఉండదని, ఆ తర్వాత వాళ్లెవరికీ ప్లేటు చేయలేదు.

పోయిన నెల డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పినాను. కడుపు పట్టుకొని నవ్వినాడు. ఆ రోజు గుప్పిట్లో మూసిన ప్లేటే చూపించినాను. "ఎవరి నోటిదో పట్టుకొచ్చినావు. బర్రె కతే బాగుండె కదప్పా!" అన్నాడు. ఏం చేయాల నేను? నా అబద్ధం ఒక్క క్షణంలో నమ్మినాడే, నా నిజానికి ఇంకేం సాక్ష్యం తేవాల?

ఈరమ్మకే చెప్దామని ఎమ్మిగనూరు పోయినాను. మగ్గం ముందర కూర్చోనుంది. తెగిన దారం కొరకాలంటే ముందరి పళ్లు కలవక, తల పక్కకు తిప్పి దౌడపల్లుతో కొరుకుతాంది. వాకిట్లో నుంచే తిరిగొచ్చినాను.

అందుకే ఇది. నవ్వితే నవ్వండి. ఈరమ్మ ప్లేటు పెట్టుకునింది. రోజూ పెట్టుకునింది.

దాచింది నేను.