పొడి వేలికి పలకని బల్ల

నేను బోర్డులు చేసేవాణ్ణి. గవర్నర్‌పేటలో ఒక సందులో చిన్న షాపు. చీకటి పడ్డాక వెలిగే మందుల షాపుల బోర్డులు, లాడ్జీల బోర్డులు చాలావరకు నా చేతి పనే. అద్దంలా ఉండే అక్రిలిక్ ప్లాస్టిక్ షీటంటే నాకు కొత్త కాదు. అందుకే మా ఆవిడకి మాట పోయినప్పుడు, తాకితే మాట్లాడే బల్ల ఒకటి నేనే చేస్తానన్నాను. అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చూడనీ, నాకేం.

ముందు ఆమె మాట ముద్దముద్దగా వచ్చింది. తర్వాత పూర్తిగా పోయింది. ఆ తర్వాత చేతుల వంతు. నరాల జబ్బు, మందు లేదు, మెదడు మాత్రం చివరిదాకా శుభ్రంగా పనిచేస్తుందని డాక్టరుగారు చెప్పారు, అదేదో శుభవార్త అయినట్టు.

"ముందుముందు ఊపిరి తీసుకోవడం కష్టమవుతుందండీ. అప్పుడు గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వేసి మెషీన్ పెట్టాలి. ఒకసారి పెట్టాక తియ్యడం మాటలు కాదు. వద్దనుకుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆలోచించుకోండి" అన్నారు.

నేనేం ఆలోచిస్తాను? గొంతు నాదా? ఆమెనే అడిగి చెప్తానన్నాను. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, "నువ్వేదంటే అదే. నీ మాట దాటను" అని ఆమెకి మాటిచ్చాను. ఇవ్వడం తేలికే.

అడగడం ఎలా? కళ్ళు ఆర్పితే ఔననీ ఆర్పకపోతే కాదనీ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. మంచినీళ్ళకీ ఫ్యానుకీ అది సరిపోయింది. ఈ ప్రశ్న అడిగేసరికి మాత్రం ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగి రెప్పలు టపటపా కొట్టుకునేవి. ఆమెని చూసుకోవడానికి వాళ్ళ అక్క కంకిపాడు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండేది. వదిన "ఔనంది మరిదిగారూ, గొట్టం వేయించండి" అనేది. "అది ఔను కాదు వదినా, ఏడుపు" అని నేను విసుక్కునేవాణ్ణి.

ట్యాబ్ కొనొచ్చు కదా అని సలహాలిచ్చినవాళ్ళకి లెక్కలేదు. కొన్నాను. ఆమె వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చెయ్యి పెడితే ముందు అరచేతి అంచు తగిలి, అందులో ఉన్నవన్నీ మూసుకుపోయేవి. ఆమెకి కావలసింది చేతిలో ఏ భాగం ఆనినా సరిపోయేంత పెద్ద గళ్ళు.

ఇంటర్నెట్‌లో ఎవరో ఇలాంటి బల్లలు చేసుకుని ఫోటోలు అటూ ఇటూ జరుపుతూ ఆడుకుంటున్నారు. సంగతి ఇంతే. మందపాటి అక్రిలిక్ షీటు అంచుల చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లైట్లు పెట్టాలి. కంటికి ఆనని ఆ వెలుగు షీటు లోపలే ఇటు నుంచి అటు పరిగెడుతుంది, బయటికి రాదు. వేలు ఆనిన చోట మాత్రం కిందికి దిగుతుంది. కింద పెట్టిన కెమెరాకి అక్కడ తెల్లటి చుక్క కనపడుతుంది. ఆ చుక్క ఏ గడిలో పడితే ఆ మాట కంప్యూటర్ పలుకుతుంది.

చెప్పుకోవడానికి ఇంతే. చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదట తెచ్చినవి టీవీ రిమోట్లలో ఉండే రకం లైట్లు. మా కెమెరాకి అవి ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. అవన్నీ ఊడబీకి, సీసీ కెమెరాలు చీకట్లో చూడ్డానికి వాడే రకం తెచ్చి మళ్ళీ అతికించాను. కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే చిన్న అద్దాన్ని పీకేసి, మామూలు వెలుతురు పడకుండా దాని బదులు పాత ఫోటోల నల్లటి ఫిల్మ్ ముక్క పెట్టాలట. ఇంట్లో నెగెటివ్‌లు ఇంకెక్కడున్నాయి, మా పెళ్ళివి తప్ప. చివర ఏ బొమ్మా లేని నల్లటి తోకని కత్తిరిస్తుంటే ఆమె మంచం మీది నుంచి చూస్తూనే ఉంది.

గళ్ళ బొమ్మ కింద నుంచి పడటానికి ప్రొజెక్టర్ కావాలి. చర్చిలో పాటలు గోడ మీద వేసే పాతది పాస్టరుగారు ఇచ్చారు. బొమ్మ నిలవడానికి షీటు కింద తెర ఉండాలి. నా దగ్గరున్న పాల రంగు అక్రిలిక్ వేస్తే బొమ్మ బ్రహ్మాండం, వేలి చుక్క మాత్రం మాయం. బోర్డులకి వాడే ఫ్లెక్స్ మరీ మందం. ట్రేసింగ్ పేపర్లో రెండూ కనపడ్డాయి కదా అని సంబరపడేలోపు వానలొచ్చాయి. ఆ చెమ్మకి అది అలలు అలలుగా ఉబ్బి కూర్చుంది. చివరికి ఇళ్ళ ప్లాన్లు గీసే మ్యాట్ ఫిల్మ్ నిలబడింది. ఇవన్నీ పరీక్షించుకుంటూ నేను షాపులో కూర్చుంటే, ఇంట్లో ఆమె చెయ్యి రోజురోజుకీ చచ్చుబడిపోతోంది. నేను తెర మార్చినప్పుడల్లా ఆమె ఇంకో వేలు కదపలేకపోయేది. దేవుడా, ఇదేం పందెం అనిపించేది.

గళ్ళు రెండే పెట్టాను, ఔననడానికి ఒకటి, కాదనడానికి ఒకటి. మిషన్ గొంతు పెట్టబుద్ధి కాలేదు. నా ఫోన్లో ఆమె పాత వాయిస్ మెసేజీలున్నాయి. షాపు నుంచి వస్తూ వంకాయలు తెమ్మంటావా అని ఒకసారి అడిగితే, "వద్దండీ, ఇంట్లో ఉన్నాయి" అంది. అందులోంచి "వద్దండీ" కత్తిరించాను. ఇంకోదాంట్లోంచి "సరేనండీ" తీసుకున్నాను.

బల్ల ఇంటికి తెచ్చి మంచానికి ఆనించాం. మా ఎండలో ఇన్‌ఫ్రారెడ్‌కి కరువా? కిటికీలోంచి పడ్డ వెలుగుకి కంప్యూటర్ తెరంతా తెల్లబడిపోయింది. ఆమె రోజంతా వీధి చూసే కిటికీ అది. మూసేసి దుప్పటి కట్టాను. నా వేలు నొక్కి పెడితే చుక్క కనపడింది. వదిన వేలికీ కనపడింది. మా ఆవిడ చెయ్యి ఎత్తి షీటు మీద పెట్టాను. ఏమీ లేదు. ఇంకోసారి పెట్టాను. కెమెరా లెక్కలో అక్కడ ఎవరూ లేరు.

ఒళ్ళు మండి ఆ దిక్కుమాలిన షీటుని గుద్దాను. గుద్దు మాత్రం భేషుగ్గా కనపడింది.

పొడి వేళ్ళు గట్టిగా నొక్కితేనే ఆ వెలుగు దిగుతుంది. ఆమె వేళ్ళు ఎండిపోయి ఉన్నాయి, నొక్కే బలమా లేదు. చేపల తొట్లు అతికించే సిలికాన్‌ని పల్చన చేసి షీటు మీద పూత పూస్తే తేలిగ్గా అందుకుంటుందన్నారు. పూశాను. దానికీ కాస్తయినా ఒత్తాలి. ఆమె ఒత్తలేకపోయింది. ఆ పూతంతా గీకి పారేసి, నేలమీద కూర్చుని ఏడ్చాను. చెయ్యి ఉందిరా బాబూ, నా కళ్ళ ముందే ఉంది, ఎవరికీ ఎందుకు కనపడదు?

మర్నాడు వదిన ఎప్పటిలాగే కొబ్బరినూనెతో ఆమె చేతులు మర్దన చేసి, తుడవకముందే ఎక్కడ పెట్టాలో తోచక ఆ చేతిని బల్ల మీద ఆనించింది. నేను అప్పుడే స్విచ్ వేశాను. కంప్యూటర్ తెర మీద దీపం పెట్టినట్టు తెల్లటి చుక్క. నొక్కనక్కర్లేదు, నూనె తడి ఉంటే చాలు. "వదినా, చెయ్యి తియ్యకు!" అని అరిచాను. వదిన హడలిపోయింది.

ఇక ఆలస్యం చెయ్యలేదు. రెండు గళ్ళకీ మధ్యలో ఆమె చెయ్యి పెట్టాను. అటూ ఇటూ జరపడం వరకు ఆమెకి ఇంకా చేతనయ్యేది. "గొట్టం వేయించమంటావా?" అని అడిగాను.

చెయ్యి మెల్లగా కుడివైపు జారింది. "వద్దండీ" అంది ఆమె గొంతు.

వంకాయలొద్దన్నంత మామూలుగా.

"నూనె పారింది. షీటు జారుడుగా ఉంది" అన్నాను. గుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచి, ఆమె వేళ్ళకి మళ్ళీ కొంచెం నూనె రాసి, మధ్యలో పెట్టి మళ్ళీ అడిగాను. "వద్దండీ."

"లైట్లు సరిగా లేవు వదినా. కిటికీలోంచి ఎక్కడో వెలుగు పడుతోంది" అని దుప్పటి సర్దాను. ఇన్ని నెలలు చుక్క కనపడాలని ఏడ్చినవాణ్ణి, ఆ బల్ల తప్పు చెప్పాలని దండాలు పెట్టుకుంటున్నాను. మూడోసారి అడిగితే ఆమె చెయ్యి ఆ గడి మీదే ఉంచి నా మొహంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు. రెప్ప కూడా ఆడలేదు.

"ఊరుకోండి మరిదిగారూ. చెప్పిందిగా" అని వదిన ఏడుస్తూ వెళ్ళి కిటికీకి కట్టిన దుప్పటి లాగేసింది.

డాక్టరుగారికి చెప్పాను. మాట నిలబెట్టుకున్నాను, అదేం గొప్ప కాదు. చలికాలం రాకముందే ఆమె వెళ్ళిపోయింది. ఆఖరి రోజు ఆమె ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, వద్దన్న మాట ఎందుకు విన్నానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు ఇంట్లో ప్రార్థన పెట్టే ఆదరణ కూడికకి జనం వస్తారని, టీ గ్లాసులు పెట్టడానికి వదిన ఆ బల్లని వరండాలోకి జరిపించి, జిడ్డుగా ఉందని సబ్బునీళ్ళతో తళతళలాడేట్టు కడిగింది. వదినని అనడానికి ఏముంది? మంచి మనసుతోనే కడిగింది. మా ఆవిడ వేళ్ళ నూనె మరకలు ఆ షీటు మీద అప్పటిదాకా ఉన్నాయని నాకొక్కడికే తెలుసు. స్విచ్ వేస్తే అవి వెలిగేవి, ముట్టుకోకుండానే "వద్దండీ" వినపడేది.

అందరూ వెళ్ళాక స్విచ్ వేశాను. గళ్ళు రెండూ వెలిగాయి. చప్పుడు లేదు. నా వేలు ఆ గడి మీద ఊరికే ఆనించాను. పొడి వేలు కదా, పలకలేదు. గట్టిగా నొక్కితే ఆమె గొంతు వినపడుతుంది. నొక్కడానికి చేతులు రాలేదు.