ఎర్ర మూత పీపా

వేడి లోపలికి రాకుండా గోడలకు నురుగు కొట్టే మిషన్‌కు రెండు మందు పీపాలుంటాయి, ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నీలం మూత. ఆ రెండు మందులూ కలవాల్సింది గన్ను మొనలోనే. గొట్టంలో కలిస్తే రాయైపోతాయి. అందుకే పీపా మార్చేటప్పుడు మేస్త్రీ తొడుగులు, మాస్కు వేసుకుని, వాల్వు కట్టేసి, ప్రెషర్ ముల్లు సున్నాకు దిగేదాకా కదిలేవాడు కాదు. తర్వాత "ఎరుపు?" అని అరిచేవాడు. పని నేర్చుకుంటున్న బావమరిది మూత రంగు చూసి "ఎరుపే బావా" అనేవాడు. ఆ మాట విన్నాక మేస్త్రీ మళ్లీ చూసుకునేవాడు కాదు, గొట్టం దించేసేవాడు.

ఒకరోజు మేస్త్రీ భోజనానికి వెళ్లినప్పుడు బావమరిది ఒక్కడే హడావిడిగా పీపాలు మార్చి, గొట్టాలు తారుమారు చేశాడు. గొట్టాలు కర్రల్లా బిగుసుకుపోయాయి. "మా బావే మార్చాడండీ. ఈమధ్య ఆయనకు కళ్లు ఆనట్లేదు, చెప్తే వినడు" అన్నాడు యజమానితో, తొడుగులు విప్పుకుంటూ. తమ్ముడి పని పోతే ఇంట్లో భార్యకు ఏం చెప్పాలో తోచక మేస్త్రీ ఆ నింద తనే మోశాడు.

ఇప్పుడు మిషన్ మీద బావమరిది ఉన్నాడు. మేస్త్రీ ఖాళీ పీపాలు దొర్లిస్తాడు. పీపా మార్చే వేళకు మాత్రం అలవాటు చావక దూరం నుంచే "ఎరుపు?" అంటాడు.

"ఎరుపేలే బావా, నువ్వూ నీ చాదస్తమూ" అంటాడు వాడు తిరిగి చూడకుండా.

మేస్త్రీ దొర్లిస్తున్న పీపాను ఆపి, దగ్గరకొచ్చి, మూత చూసి వెళ్తాడు.